తట్టు టీకాకూ ఒక అదను ఉంది



మనం పల్నాటి పిల్లలం. మనలో ఎక్కువమంది అమ్మానాన్నలు కూలికి వెళ్ళేవారే. మిరప, పత్తి పండే ఈ దుర్గి చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టిన మనకు అదను అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. తడి మరీ ఎక్కువగా ఉన్నప్పుడు విత్తనం వేస్తే కుళ్ళిపోతుంది. అదను దాటిపోయాక వేస్తే మొలక వచ్చినా పంట చేతికి రాదు. పసిబిడ్డకు వేసే తట్టు టీకా సంగతి కూడా అంతే. దానికీ ఒక అదను ఉంది. అది తొమ్మిది నెలలు నిండిన రోజు.

ఈ వ్యాసం రాయాలని మాకు ఎందుకు అనిపించిందో ముందు చెప్పాలి. మాలో ఒకరి ఇంట్లో చెల్లికి తొమ్మిదో నెల నడుస్తుండగా ఇంటిల్లిపాదీ మిరపకాయల కోతలకు వేరే మండలం వెళ్ళారు. టీకాల కార్డు ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. "తిరిగి వచ్చాక వేయిద్దాంలే" అనుకున్నారు. పదకొండో నెలలో పాపకు జ్వరం వచ్చి, కళ్ళు ఎర్రబడి, ఒళ్ళంతా తట్టు పోసింది. తట్టు వారంలో తగ్గింది. దాని వెనకాలే విరేచనాలు, నిమ్ము పట్టుకున్నాయి. పది రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. పాప బ్రతికింది. కానీ గోడ పట్టుకుని నిలబడుతున్న పిల్ల మళ్ళీ పాకడం దగ్గరకు వచ్చేసింది. ఆ ఇంట్లో కార్డు చదవగలిగింది మా హాస్టల్ మిత్రుడు ఒక్కడే. ఆ సమయానికి అతను ఇక్కడ హాస్టల్‌లో ఉన్నాడు. "నేను ఒక్కసారి కార్డు చూసి ఉంటే బాగుండేది" అని అతను చాలాసార్లు అన్నాడు. ఆ మాట మా అందరికీ తగిలింది.

తట్టు అంటే ఏమిటి?

తట్టును కొందరు పొంగు అంటారు, కొందరు చిన్నమ్మవారు అంటారు. ఇంగ్లీషులో మీజిల్స్. ఇది వైరస్ వల్ల వచ్చే జబ్బు. ఆటలమ్మ వేరు, తట్టు వేరు. ఆటలమ్మలో నీటి పొక్కులు వస్తాయి. తట్టులో ముందుగా జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడటం ఉంటాయి. మూడు నాలుగు రోజుల తరువాత చెవుల వెనుక, ముఖం మీద ఎర్రటి దద్దు మొదలై కిందికి దిగుతూ ఒళ్ళంతా పాకుతుంది.

అంటుజబ్బుల్లో దీనంత వేగంగా పాకేది మరొకటి లేదని చెప్పవచ్చు. రక్షణ లేని వాళ్ళ మధ్య ఒక రోగి ఉంటే 12 నుండి 18 మందికి అంటించగలడు. రోగి దగ్గి, గది వదిలి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల వరకు ఆ గాలిలో వైరస్ ఉండగలదు. దద్దు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుండే అంటించే శక్తి ఉంటుంది. అంటే అది తట్టు అని మనకు తెలిసేసరికే అంటించాల్సిన వాళ్ళకు అంటించేసి ఉంటుంది. ఒకే గదిలో చాపలు పరుచుకుని పడుకునే మనలాంటి వాళ్ళం ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి.

చాలామంది పిల్లలను చంపేది ఆ ఎర్రటి దద్దు కాదు. దాని వెనకాల వచ్చే నిమ్ము, విరేచనాలు, మెదడువాపు. కొందరికి కంటిచూపు పోతుంది. తిండి సరిగా లేని పిల్లలకు, విటమిన్ ఎ తక్కువగా ఉన్న పిల్లలకు ప్రమాదం ఇంకా ఎక్కువ. తట్టు, పోషకాహార లోపం, అంధత్వం ఈ మూడింటికీ ఉన్న సంబంధాన్ని మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1980వ దశకంలో పిల్లల మీద అధ్యయనం చేసి చూపించారు.

మరొక సంగతి ఇటీవల బయటపడింది. తట్టు వైరస్ మన ఒంట్లోని జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది. ఇదివరకు వచ్చి తగ్గిన జబ్బులను శరీరం గుర్తుపెట్టుకుని, వాటిని ఎదిరించే ప్రతిరక్షకాలను దాచుకుంటుంది. టీకా వేయించుకోని నెదర్లాండ్స్ పిల్లలను పరీక్షించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, తట్టు వచ్చి తగ్గాక వాళ్ళ ప్రతిరక్షకాల్లో 11 నుండి 73 శాతం వరకు మాయమైనట్టు తేలింది. ఏడాదంతా చదివిన పాఠం పరీక్ష ముందు రోజు మరచిపోయినట్టు అన్నమాట. అందుకే తట్టు తగ్గిన తరువాత కూడా నెలల తరబడి ఆ బిడ్డకు ఏదో ఒక జబ్బు చేస్తూనే ఉంటుంది.

ఈ టీకా పుట్టింది ఒక హాస్టల్ విద్యార్థి నుండే

ఇది చదివితే మన హాస్టల్ వాళ్ళందరికీ సంతోషం కలుగుతుంది. 1954లో అమెరికాలోని బోస్టన్ నగరం దగ్గర ఒక వసతి పాఠశాలలో పిల్లలకు తట్టు వచ్చింది. జాన్ ఎండర్స్ అనే శాస్త్రజ్ఞుని దగ్గర పనిచేసే థామస్ పీబుల్స్ అనే డాక్టరు అక్కడికి వెళ్ళి, జబ్బుపడిన పిల్లల రక్తం, గొంతులోని ద్రవం సేకరించారు. డేవిడ్ ఎడ్మన్‌స్టన్ అనే విద్యార్థి దగ్గర తీసుకున్న దాని నుండి తట్టు వైరస్‌ను మొదటిసారి వేరుచేయగలిగారు. ఆ వైరస్‌ను బలహీనపరచి తయారుచేసిన టీకా 1963లో అమెరికాలో వాడకానికి వచ్చింది. అదే వైరస్‌ను తరువాత యూరప్‌లోని జాగ్రెబ్ నగరంలో ఇంకా బలహీనపరిచారు. దానికి ఎడ్మన్‌స్టన్-జాగ్రెబ్ రకం అని పేరు. పూణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే తట్టు టీకాలో ఉన్నది ఈ రకమే. ఎక్కడో ఒక వసతి పాఠశాలలో జ్వరంతో పడుకున్న కుర్రాడి పేరు ప్రపంచంలో కోట్లమంది పిల్లలను కాపాడిన మందుకు ఉండిపోయింది.

టీకా రాకముందు ప్రపంచంలో తట్టు వల్ల ఏటా సుమారు 26 లక్షల మంది చనిపోయేవారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2023లో కూడా లక్షకు పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది అయిదేళ్ళ లోపు పిల్లలు, టీకా పూర్తిగా అందని వాళ్ళు.

తొమ్మిది నెలలే ఎందుకు?

"పుట్టగానే బి.సి.జి., పోలియో వేస్తారు కదా, తట్టు టీకా కూడా అప్పుడే వేసేస్తే పోలేదా?" అని మేము కూడా అడిగాము. దానికి జవాబు తల్లి దగ్గర ఉంది.

1846లో ఫారో దీవులలో తట్టు చెలరేగింది. అక్కడ ఉన్న సుమారు 7,800 మందిలో 6,000 మందికి పైగా జబ్బుపడ్డారు. పానుమ్ అనే యువ డాక్టరు అక్కడికి వెళ్ళి గమనించగా ఒక వింత కనిపించింది. ఆ దీవులలో అంతకు ముందు తట్టు వచ్చింది 1781లో. అప్పుడు జబ్బుపడి బ్రతికిన ముసలివాళ్ళకు 65 ఏళ్ళ తరువాత కూడా మళ్ళీ రాలేదు. ఒకసారి తట్టు వస్తే శరీరంలో తయారయ్యే ప్రతిరక్షకాలు జీవితాంతం కాపాడతాయని అలా తెలిసింది.

తల్లికి చిన్నప్పుడు తట్టు వచ్చి ఉన్నా, టీకా వేసి ఉన్నా ఆమె రక్తంలో ఈ ప్రతిరక్షకాలు ఉంటాయి. బిడ్డ కడుపులో ఉండగానే అవి బిడ్డకు చేరతాయి. పుట్టిన కొన్ని నెలల వరకు అమ్మ ఇచ్చిన ఈ రక్షణే బిడ్డను కాపాడుతుంది. ఆ సమయంలో టీకా వేస్తే, టీకాలోని బలహీనమైన వైరస్‌ను అమ్మ ఇచ్చిన ప్రతిరక్షకాలే చంపేస్తాయి. బిడ్డ శరీరం సొంతంగా నేర్చుకునేది తక్కువ. తడి ఎక్కువైన నేలలో విత్తనం కుళ్ళిపోయినట్టే ఇది.

నెలలు గడిచేకొద్దీ అమ్మ రక్షణ తరిగిపోతుంది. తొమ్మిది నెలలకు టీకా వేస్తే నూటికి సుమారు 85 మందికి రక్షణ వస్తుంది. పన్నెండు నెలలకు వేస్తే నూటికి 95 మందికి వస్తుంది. ఈ లెక్క చూసి "అయితే ఏడాది నిండాకే వేయవచ్చు కదా" అనిపిస్తుంది. తట్టు అరుదుగా వచ్చే దేశాలు అలాగే చేస్తాయి. కానీ తట్టు తిరుగుతున్న చోట ఆ మూడు నెలలు ఆగితే, అమ్మ రక్షణ పోయి, టీకా రక్షణ రాని బిడ్డకు ఈలోగానే జబ్బు అంటుకుంటుంది. ఏడాది లోపు బిడ్డలకు తట్టు వస్తే ప్రాణాపాయం ఎక్కువ. రెండేళ్ళ లోపు తట్టు వచ్చిన పిల్లల్లో కొద్దిమందికి ఏళ్ళ తరువాత మెదడును తినేసే ఒక భయంకరమైన జబ్బు కూడా వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. ఈ రెండు వైపులా తూచి చూసి, మనలాంటి దేశాలకు తొమ్మిది నెలలు అని నిర్ణయించారు.

మరి మిగిలిన ఆ 15 మంది సంగతి? వాళ్ళ కోసమే 16 నుండి 24 నెలల మధ్య రెండవ డోసు. మన దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో మొదలైనప్పుడు తట్టుకు ఒక్క డోసే ఉండేది. రెండవ డోసును 2010 నుండి దశలవారీగా ప్రవేశపెట్టారు. రెండూ పడితే నూటికి సుమారు 97 మందికి రక్షణ ఉంటుంది.

ఇంకా ముందే, ఎక్కువ మందు వేస్తే?

శాస్త్రజ్ఞులు ఇది కూడా ప్రయత్నించారు. అమ్మ ప్రతిరక్షకాలను తట్టుకునేలా టీకాలో వైరస్ మోతాదును చాలా పెంచి ఆరు నెలలకే వేస్తే సరిపోతుందనుకున్నారు. 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని సిఫారసు కూడా చేసింది. కానీ సెనెగల్, గినియా-బిస్సావు, హైతీ దేశాలలో ఆ పిల్లలను తరువాతి కాలంలో గమనిస్తే, అధిక మోతాదు టీకా పడిన ఆడపిల్లలలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. తట్టు రాకుండా ఆగింది, కానీ పిల్లలు ఇతర జబ్బులతో చనిపోయారు. 1992లో ఆ టీకాను ఆపేశారు. ఇప్పుడు మన దగ్గర వేసేది మామూలు మోతాదు టీకా. ఏళ్ళ తరబడి కోట్లమంది పిల్లలకు వేసి చూసినది.

ఈ మామూలు మోతాదు టీకా విషయంలో మంచి సంగతి కూడా ఒకటి ఉంది. గినియా-బిస్సావులో 1978 నుండి పనిచేసిన పీటర్ ఆబీ అనే శాస్త్రజ్ఞుడు, టీకా సకాలంలో పడిన పిల్లల్లో మరణాలు ఒక్క తట్టు తగ్గినందువల్ల తగ్గవలసిన దానికన్నా ఎక్కువగా తగ్గాయని గమనించారు. ఇతర జబ్బులను ఎదుర్కొనే శక్తిని కూడా ఈ టీకా పెంచుతుందా అన్నది శాస్త్రజ్ఞులు ఇంకా చర్చిస్తున్నారు. తరువాత జరిగిన పరీక్షలు అన్నీ ఒకేలా చెప్పలేదు. కానీ టీకా వేళకు పడిన బిడ్డ బ్రతికే అవకాశం పెరుగుతుందన్న దానిలో ఎవరికీ తేడా లేదు.

తట్టు బాగా వ్యాపించినప్పుడు మాత్రం అదనును కొద్దిగా ముందుకు జరుపుతారు. 2022 చివర్లో ముంబయి, పరిసర పట్టణాలలో తట్టు చెలరేగినప్పుడు, తొమ్మిది నెలల లోపు పిల్లల్లో కేసులు ఎక్కువగా ఉన్నచోట ఆరు నెలల బిడ్డలకే ఒక డోసు ఇమ్మని కేంద్రం సూచించింది. దానిని లెక్కలోకి తీసుకోరు. తొమ్మిది నెలలకు, పదహారు నెలలకు మళ్ళీ వేయించవలసిందే.

మన దగ్గర అదను ఎక్కడ తప్పుతోంది?

పాత లెక్క ఒకటి చూడండి. 2005లో మన దేశంలో అయిదేళ్ళ లోపు పిల్లలు సుమారు 92 వేల మంది తట్టుతో చనిపోయి ఉంటారని పరిశోధకులు అంచనా వేశారు. అందులో మగపిల్లల కన్నా ఆడపిల్లల మరణాల రేటు ఎక్కువ. తరువాత రెండవ డోసు వచ్చింది. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో 9 నెలల నుండి 15 ఏళ్ళ లోపు పిల్లలకు తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపి ఎం.ఆర్. టీకా వేసే కార్యక్రమం మొదలైంది. అప్పుడు బడిలో వరుసలో నిలబడి, ఏడ్చుకుంటూ టీకా వేయించుకున్నవారు మనలోనే ఉన్నారు. మరణాలు చాలా తగ్గాయి. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో మొదటి డోసు నూటికి సుమారు 88 మందికి అందితే, రెండవ డోసు నూటికి 60 మందికి కూడా అందలేదు. తట్టు ఆగాలంటే నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలి.

ఆ మిగిలినవాళ్ళు ఎవరు? మన కాలనీలలో, తండాలలో, పొలం గట్ల మీద గుడారాలలో ఉండే వాళ్ళే. మిరప కోతలు జనవరి నుండి ఏప్రిల్ వరకు సాగుతాయి. మన వాళ్ళు వేరే ఊళ్ళకు వెళతారు. కర్నూలు వైపు నుండి కుటుంబాలు కుటుంబాలే మన పొలాలకు వస్తాయి. తట్టు ఎక్కువగా వచ్చేది కూడా శీతాకాలం చివర, వేసవి మొదట్లోనే. బిడ్డ ఊళ్ళో లేని నెలలూ, తట్టు తిరిగే నెలలూ ఒకటే అవుతున్నాయి. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో పుట్టిన బిడ్డలకు తొమ్మిది నెలలు నిండేది సరిగ్గా ఈ కోతల కాలంలోనే. అమ్మ తప్పు ఇందులో లేదు. ఒక రోజు కూలి పోతే పొయ్యి వెలగని ఇళ్ళు మనవి.

కొన్ని అపోహలు

"జలుబు చేసింది, తగ్గాక వేయిద్దాం" అంటారు. కొద్దిపాటి జలుబు, దగ్గు, విరేచనాలు ఉన్నా టీకా వేయవచ్చు. బక్కగా ఉన్న పిల్లలకైతే ఇంకా ముందు వేయించాలి.

"టీకా వేస్తే జ్వరం వచ్చింది" అంటారు. వారం, పది రోజుల తరువాత కొందరికి కొద్దిగా జ్వరం, సన్నటి దద్దు రావచ్చు. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. అది శరీరం పాఠం నేర్చుకుంటున్న గుర్తు.

"వేరే ఊళ్ళో వేయరు" అంటారు. ఇది తప్పు. ఏ ఊళ్ళో ఉన్నా ఆ ఊరి ఏ.ఎన్.ఎం. గారు వేస్తారు. డబ్బు కట్టనక్కరలేదు. కార్డు లేకపోయినా టీకా ఆపకూడదు.

"పిల్లలు తక్కువ వచ్చారు, తరువాత రండి" అన్న మాట ఎక్కడైనా వినబడితే మర్యాదగా అడగండి. ఈ టీకా పొడిగా వస్తుంది. కలిపిన తరువాత నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాలి. మందు వృథా అవుతుందన్న బాధ నిజమే. కానీ ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నదే నియమం. మందు పోతే మళ్ళీ వస్తుంది.

"అమ్మవారు పోసింది, మందు వాడకూడదు" అంటారు. మన పెద్దల నమ్మకాన్ని మేము ఎగతాళి చేయము. గుమ్మానికి వేపాకు కట్టనివ్వండి. కానీ బిడ్డకు పాలు, గంజి, నీళ్ళు మాన్పించవద్దు. ఆసుపత్రికి తప్పక తీసుకువెళ్ళండి. తట్టు వచ్చిన బిడ్డకు వరుసగా రెండు రోజులు విటమిన్ ఎ ఇస్తే కళ్ళకు, ప్రాణానికి మేలు. పెద్దమ్మవారు అని భయపడిన మశూచి కూడా టీకా వల్లనే 1975 తరువాత మన దేశంలో మళ్ళీ కనిపించలేదు.

మనం చేయగలిగినది

మన ఇళ్ళల్లో చాలాచోట్ల అక్షరం ముక్క వచ్చిన మొదటి మనిషి మనమే. అందుకని ఈ కింది పనులు మనవే.

ఒకటి, సెలవులకు ఇంటికి వెళ్ళిన రోజే ట్రంకుపెట్టెలోని కార్డు తీసి చదవాలి. బిడ్డ పుట్టిన తేదీకి తొమ్మిది నెలలు, పదహారు నెలలు కలిపి గోడ మీద క్యాలెండరులో గుండ్రంగా గీయాలి.

రెండు, కోతలకు వెళుతుంటే బట్టల మూటలో కార్డు కూడా పెట్టించాలి. ఆ ఊళ్ళో అంగన్‌వాడీ టీచరును గానీ, ఆశా కార్యకర్తను గానీ అడగమని అమ్మకు చెప్పాలి.

మూడు, అదను తప్పిపోతే సిగ్గుపడి ఊరుకోకూడదు. అయిదేళ్ళ లోపు ఎప్పుడు గుర్తొచ్చినా ఆలస్యమైన డోసు వేయించవచ్చు. మొదటి డోసుకు, రెండవ డోసుకు మధ్య నెల రోజులు ఉంటే చాలు.

నాలుగు, తొమ్మిదో నెల టీకాతో పాటు విటమిన్ ఎ చుక్కలు వేశారో లేదో చూడాలి.

అయిదు, హాస్టల్‌లో ఎవరికైనా జ్వరంతో దద్దు వస్తే దాచుకోకుండా వెంటనే వార్డెన్ గారికి చెప్పాలి.

పూర్వ విద్యార్థులైన అక్కలకు, అన్నలకు ఒక మనవి. మీలో ఏ.ఎన్.ఎం.లు ఉన్నారు, ఉపాధ్యాయులు ఉన్నారు, మేస్త్రీలై కూలీలను కోతలకు తీసుకువెళ్ళేవారు ఉన్నారు. బండి ఎక్కించేముందు "చంటిబిడ్డ కార్డు తెచ్చావా అమ్మా?" అని ఒక్క మాట అడగండి. 2026 నాటికి తట్టు, రుబెల్లా లేని దేశం కావాలని మనం లక్ష్యం పెట్టుకున్నాము. అది ఢిల్లీలో కూర్చుంటే జరిగేది కాదు. మన తండాలో, మన కాలనీలో, మన గుడారంలో జరగాలి.

మా మిత్రుడి చెల్లి ఇప్పుడు అంగన్‌వాడీకి వెళుతోంది. రెండవ డోసు రోజున వాళ్ళ అమ్మ పనికి వెళ్ళకుండా ఆగింది. ఆ తేదీని అంతకు ముందు సెలవుల్లోనే క్యాలెండరులో గీసి వచ్చింది మా మిత్రుడే.

ఇట్లు,
హాస్టల్ విద్యార్థులము, దుర్గి